ఫిల్టరు ఉంది కదా అనే ధీమా గురించి: కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. సిగరెట్టు చెడ్డది అని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు, ఆ మాట మీ శాఖ ప్యాకెట్ల మీద ఏళ్ల తరబడి వేయిస్తూనే ఉంది. నేను రాస్తున్నది సిగరెట్టు చివర అంగుళం లోపు ఉండే ఆ మెత్తటి ముక్క గురించి. దాని మీద మీరు ఇప్పటిదాకా జనానికి సూటిగా ఏమీ చెప్పలేదు, అందుకే జనం తమకు తోచింది అనుకుంటున్నారు, కంపెనీలకు కావలసింది కూడా అదే.

మా పిల్లలు ఏమనుకుంటున్నారో చెప్తాను. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని చట్టం ఉంది. ఆ వంద గజాలు దాటి నాలుగడుగులు వేస్తే బడ్డీ కొట్టు. పద్దెనిమిది నిండని వాళ్లకు అమ్మకూడదని కూడా చట్టం ఉంది, కానీ సెకండియర్ కుర్రాళ్లు సాయంత్రం అక్కడే కనబడతారు. పట్టుకుని అడిగితే తల దించుకుంటారు, కాసేపటికి ఒకడు ధైర్యం చేసి అంటాడు, "ఫిల్టర్ ఉంది కదా సార్, బీడీ అయితే డేంజర్ గానీ" అని. ఈ మాట నేను పిల్లల దగ్గరే కాదు, స్టాఫ్ రూములో విన్నాను, పెళ్లిళ్లలో విన్నాను, గుండెకు స్టెంట్ వేయించుకుని వచ్చిన మా బంధువు నోట కూడా విన్నాను, ఆయన మామూలు సిగరెట్టు మానేసి "లైట్స్"కు, అంటే తేలిక రకం అని చెప్పి అమ్మే సిగరెట్టుకు, మారానని సంతోషంగా చెప్పాడు. డాక్టరు పూర్తిగా మానమంటే ఆయన చేసిన పని అది.

ఫిల్టరును బ్లేడుతో నిలువునా కోసి చూస్తే లోపల దూదిలా కనబడుతుంది గానీ అది దూది కాదు. సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్, వెంట్రుక కన్నా సన్నటి పోగులు, ఒక్కో ఫిల్టరులో పన్నెండు వేలకు పైనే ఉంటాయి. ఈ పోగులు పొగలో ఉన్న తారు (జిగట పదార్థం) బిందువుల్లో కొన్నింటిని పట్టుకుంటాయి, అది నిజం. కానీ పొగ అంటే తారు ఒక్కటే కాదు. అందులో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయని, వాటిలో డెబ్బై దాకా క్యాన్సర్ తెచ్చేవని మీ శాఖలోని డాక్టర్లకు నేను చెప్పనక్కర్లేదు. వాటిలో చాలా ప్రమాదకరమైనవి వాయువులు: కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్, బెంజీన్, ఎక్రోలీన్, మా పక్కన జువాలజీ ల్యాబులో కప్పల్ని సీసాల్లో నిల్వ ఉంచే ఫార్మలిన్ ఉందే, అందులోని ఫార్మాల్డిహైడ్. దోమతెర ఈగను ఆపుతుంది గానీ గాలిని ఆపదు కదా, ఈ పోగుల మధ్య నుంచి వాయువులు పోవడం కూడా అంతే. కార్బన్ మోనాక్సైడ్ అయితే ఏ అడ్డూ లేకుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. స్టెంట్ వేయించుకున్న మా బంధువుకు తారు కన్నా ముందు ప్రాణం మీదకు తెచ్చేది అదే.

ఇంకో సంగతి ఉంది, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపిస్తుంది. సెల్యులోజ్ అసిటేట్ బాగా పట్టుకునే వాటిలో ఫీనాల్స్ అనే పదార్థాలు ఉన్నాయి. గొంతులో మంట పుట్టించే వాటిలో అవీ ఉంటాయి. అవి తగ్గేసరికి పొగ నున్నగా దిగుతుంది, దగ్గు రాదు. దగ్గు రాకపోతే తాగేవాడు ఏమనుకుంటాడు? విషం తగ్గిందనుకుంటాడు. మన ఒంట్లో సహజంగా ఉన్న హెచ్చరికను ఫిల్టరు కొంత నొక్కేస్తుంది, మొదటిసారి తాగే పదిహేడేళ్ల కుర్రాడికి అది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. మొదటి దమ్ముకే ఉక్కిరిబిక్కిరి అయితే సగం మంది అక్కడే ఆగిపోయేవాళ్లేమో.

నేను ఏటా ఒక ప్రయోగం చేసి చూపిస్తాను. ప్రిన్సిపాల్ గారి అనుమతితో, ఆరుబయట, పిల్లల్ని గాలి వచ్చే వైపు నిలబెట్టి. నీళ్ల సీసా మూతకు బెజ్జం చేసి, ఫిల్టరు వైపు లోపలికి వచ్చేలా సిగరెట్టు దూర్చి, దాని కింద తెల్లటి దూది పెడతాను. సీసా అడుగున ఉన్న చిన్న చిల్లి మీది వేలు తీస్తే నీళ్లు కారుతూ పోతాయి, పైన సిగరెట్టు దానంతట అదే కాలుతూ పొగ లోపలికి వస్తుంది, సీసా తెల్లగా నిండిపోతుంది. ఒక్క సిగరెట్టు అయిపోయాక దూది తీసి చేతికిస్తాను. ఫిల్టరు దాటి వచ్చిన పొగకే అది గోధుమ రంగు తిరిగి, జిగటగా, ముక్కు దగ్గర పెట్టుకోలేనంత కంపు కొడుతుంది. ఫిల్టరు కోసి చూపిస్తే అదీ గోధుమ రంగే. పిల్లలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు, ఇంక ఎవరూ ఫిల్టరు ఉంది కదా సార్ అనరు. ఆ దూదికి అంటినది తారు మాత్రమే, వాయువులు దూదిలో కూడా ఆగలేదు, సీసాలోనే ఉన్నాయి. ఆ మాట కూడా చెప్తాను.

ఆ రంగు గురించి కూడా మీకు తెలిసి ఉండాలి. 1953లో అమెరికా సిగరెట్టు కంపెనీ ఆర్.జె. రేనాల్డ్స్ కెమిస్టు క్లాడ్ టీగ్ ఒక ఉపాయం రాసి పెట్టాడు. తాగుతున్న కొద్దీ ఫిల్టరు రంగు మారేలా అందులో ఏదైనా కలిపితే, వడకట్టే పనిలో పెద్ద తేడా లేకపోయినా, తాగేవాడికి అది పనిచేస్తున్నట్టు కనబడుతుందని. అది తర్వాత కోర్టు కేసుల వల్ల బయటకు వచ్చిన కంపెనీ సొంత కాగితాల్లో ఉంది. ఆ రోజులు ఎలాంటివంటే, సిగరెట్టు తారును ఎలుకల చర్మానికి పూస్తే క్యాన్సర్ గడ్డలు వస్తున్నాయని 1953లోనే పరిశోధకులు ప్రకటించారు, జనం భయపడ్డారు, కంపెనీలు భయానికి మందుగా ఫిల్టరును ముందుకు తెచ్చాయి. అందులో కెంట్ అనే బ్రాండు 1952 నుంచి 1956 దాకా తన ఫిల్టరులో ఏం వాడిందో తెలుసా, క్యాన్సర్ తెచ్చే ఖనిజ నార అయిన ఆస్‌బెస్టాస్. ఆరోగ్యం కోసం అని ప్రకటనలు ఇచ్చి మరీ అమ్మారు. ఈ చరిత్ర మనది కాదు, అమెరికాది, కానీ మన కొట్లో అమ్ముడవుతున్న ఫిల్టరు వచ్చిన దారి ఇదే.

తర్వాత ఇంకో తెలివి చేశారు. ఫిల్టరు చుట్టూ ఉండే కాగితాన్ని కొన్ని బ్రాండ్లలో విప్పి వెలుతురుకు పట్టి చూడండి, సూదిమొనతో గుచ్చినట్టు వరసగా సన్నటి బెజ్జాలు కనబడతాయి. తారు, నికోటిన్ కొలిచే పరీక్షలో యంత్రం సిగరెట్టు తాగినప్పుడు ఆ బెజ్జాల్లోంచి మామూలు గాలి వచ్చి పొగలో కలుస్తుంది, కాబట్టి పరీక్షలో తారు తక్కువ, నికోటిన్ తక్కువ అని తేలుతుంది. మనిషి యంత్రం కాదు. వేళ్లతో, పెదాలతో ఆ బెజ్జాలు మూసేస్తాడు, మూయకపోయినా ఒంటికి అలవాటైన నికోటిన్ అందాలి కాబట్టి ఇంకా గట్టిగా, ఇంకా లోతుగా లాగుతాడు, రోజుకు ఇంకో రెండు ఎక్కువ కాలుస్తాడు. "లైట్స్" కథంతా ఇదే. 2006లో అమెరికా ఫెడరల్ జడ్జి గ్లాడిస్ కెస్లర్, లైట్, లో టార్ పేర్లతో కంపెనీలు జనాన్ని తెలిసి తెలిసి మోసం చేశాయని తీర్పు ఇచ్చారు. 2010 నుంచి అక్కడ ప్యాకెట్ల మీద ఆ మాటలు వాడకూడదు. మన కొట్ల దగ్గర "అన్నా, ఒక లైట్స్ ఇవ్వు" అనే మాట ఇవాళ్టికీ చెల్లుతోంది.

ఆ లోతుగా లాగడం వల్ల జరిగింది ఇంకా బాధాకరం. ఊపిరితిత్తుల అంచుల్లో పుట్టే ఎడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ పొగతాగే వాళ్లలో దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చింది. దీనికి 1950ల తర్వాత సిగరెట్టు తయారీలో వచ్చిన మార్పులే కారణమని అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి అయిన సర్జన్ జనరల్ 2014 నివేదికలో రాశారు, బెజ్జాల ఫిల్టరు ఆ మార్పుల్లో ఒకటి కావచ్చని కూడా అందులో ఉంది. కాపాడుతుందని పెట్టుకున్నది పొగను ఊపిరితిత్తుల లోపలి కొసల దాకా తోసే సాధనంగా మారిందన్న అనుమానం ఇంత బలంగా ఉంటే, మన దేశంలో ఆ బెజ్జాలను ఎందుకు అనుమతిస్తున్నాం?

ఇక్కడ నాకు వ్యతిరేకంగా ఉన్న విషయం కూడా చెప్పాలి, దాచి రాస్తే ఈ లేఖకు విలువ ఉండదు. 2019లో అమెరికాలో వేల మంది స్మోకర్ల వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది. ఫిల్టరు లేని సిగరెట్టు తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, దానితో చనిపోయే ముప్పు ఇంకా ఎక్కువ అని తేలింది. అంటే ఫిల్టరు పీకేసి తాగితే మంచిదని ఎవరైనా అంటే అది తప్పు, నేను ఆ మాట అనడం లేదు. కానీ అదే అధ్యయనంలో లైట్, అల్ట్రా లైట్ తాగేవాళ్లకూ మామూలు సిగరెట్టు తాగేవాళ్లకూ ముప్పులో తేడా కనబడలేదు, పైగా లైట్స్ తాగేవాళ్లు సిగరెట్టు మానేయడం తక్కువ. నా బాధంతా ఆ చివరి వాక్యం మీదే. ఫిల్టరు చేసే అతి పెద్ద హాని మనిషి మనసులో చేస్తోంది. మానేయాలి అనుకున్న మనిషికి "మానకపోయినా ఫర్వాలేదు, కాస్త తేలికది తాగు" అని ఒక దారి చూపిస్తోంది. ఆ దారిలో ఐదేళ్లు, పదేళ్లు గడిచిపోతాయి, ఈలోగా ఎక్స్‌రేలో మచ్చ కనబడుతుంది.

మీ ప్యాకెట్ హెచ్చరికలు మంచివే. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్‌లో 85 శాతం బొమ్మా మాటలూ కలిపి హెచ్చరికే, ప్రపంచంలోనే పెద్ద వాటిలో ఒకటి. కానీ మా బడ్డీ కొట్టులో ప్యాకెట్ ఎవరు కొంటున్నారు? కుర్రాళ్లు కొనేది లూజు సిగరెట్టు. కొట్టాయన ప్యాకెట్ కౌంటరు వెనక పెట్టుకుని ఒకటి తీసి చేతిలో పెడతాడు, పక్కనే దారానికి లైటరు వేలాడుతుంటుంది. ఆ కుర్రాడు మీ బొమ్మను చూడనే చూడడు. వాడు చూసేది తెల్లటి కడ్డీ, దాని చివర బంగారు గీత, ఫిల్టరు. కర్ణాటక, మహారాష్ట్ర లాంటి రాష్ట్రాలు లూజు అమ్మకాన్ని ఆపుతూ ఉత్తర్వులు ఇచ్చాయి, దేశమంతా ఒకే నిబంధన తేవడం మీ చేతిలో ఉంది. అది అమలు కావడానికి ఎంత కాలం పడుతుందో నాకూ తెలుసు, మీకూ తెలుసు, అందుకే ఇంకో దారి అడుగుతున్నాను. కెనడా 2023లో తెచ్చిన నిబంధనల్లో ఒక్కొక్క సిగరెట్టు మీదే హెచ్చరిక ముద్రించమంది, సరిగ్గా ఫిల్టరు చుట్టూ ఉండే కాగితం మీద, నోట్లో పెట్టుకునేటప్పుడు కళ్లకు కనబడేలా. లూజు అమ్మకం ఇంతగా ఉన్న మన దేశంలోనే అది మొదట రావాల్సింది.

ఇంకా ఈ మధ్య ఫిల్టరులో చిన్న గోళీ పెడుతున్నారు. వేళ్లతో నొక్కితే టప్పుమని పగిలి పుదీనా చల్లదనం వస్తుంది. మా పిల్లలు దాన్ని ఆటలా నొక్కి చూపించుకుంటారు. మెంథాల్ గొంతును మొద్దుబారుస్తుంది, మంట తెలియదు, అంటే ఫిల్టరు చేసే పనినే ఇంకాస్త ఎక్కువ చేస్తుంది. యూరోపియన్ యూనియన్ 2020 మే నుంచి మెంథాల్ సిగరెట్లను ఆపేసింది. మనం 2019లో ఈ-సిగరెట్లను పూర్తిగా నిషేధించగలిగాం, పిల్లల కోసమే అన్నాం. మరి ఈ గోళీ ఎవరి కోసం?

ప్రభుత్వం కూడా తెలియకుండానే ఫిల్టరుకు మంచి పేరు తెచ్చిపెట్టిందని నాకు అనిపిస్తుంది. 2017 జులైలో సవరించిన జీఎస్టీ సెస్ (అదనపు పన్ను) పట్టిక చూడండి. 65 నుంచి 70 మిల్లీమీటర్ల పొడవున్న సిగరెట్టుకు ఫిల్టరు లేకపోతే వెయ్యింటికి 3,668 రూపాయలు, అదే పొడవుకు ఫిల్టరు ఉంటే 2,747 రూపాయలు ఉండేది. దీంతో పాటు శాతం లెక్కన వేసే సెస్ రెండింటి మీదా ఒకటే ఉండేది. పన్నుల వాళ్ల లెక్కలు పన్నుల వాళ్లవి, కానీ ఫిల్టరు ఉన్నదానికి పన్ను తక్కువ వేస్తే కంపెనీకి అర్థమయ్యేది ఒక్కటే. రేట్లు ఎప్పుడు మార్చినా ఫిల్టరుకు రాయితీ ఇచ్చే ఆలోచన ఇంకెప్పుడూ రాకుండా ఆర్థిక శాఖకు మీ శాఖ రాతపూర్వకంగా చెప్పాలి.

పక్కన కూర్చున్న వాళ్ల మాట చెప్పలేదు. సిగరెట్టు కొస నుంచి ఊరికే పైకి లేచే పొగ ఉందే, అది ఫిల్టరు దారిన రానే రాదు. ఇంట్లో మంచం మీద కూర్చుని నాన్న తాగుతుంటే, హోంవర్క్ చేసుకుంటున్న పిల్లకు అందేది ఎక్కువగా ఆ పొగే, ఎంత ఖరీదైన ఫిల్టరైనా ఆ పిల్లకు చేసేది సున్నా. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో ఇంట్లో ఇతరుల పొగ పీల్చే పెద్దవాళ్లు 38.7 శాతం అని తేలింది. "నేను ఫిల్టర్ సిగరెట్టే తాగుతాను, ఇంట్లో వాళ్లకేం కాదు" అని నమ్మే తండ్రులు నాకు తెలుసు. పిల్లల మీద ప్రేమ లేక కాదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ప్లాస్టిక్ సంగతి పర్యావరణ శాఖది, అయినా మీరు కలిసి కూర్చోక తప్పదు. 2022 జులై 1 నుంచి మనం నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో సిగరెట్టు ప్యాకెట్ చుట్టూ ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. లోపల ఒక్కో సిగరెట్టుకూ ఉన్న ప్లాస్టిక్ ఫిల్టరు లేదు. ప్రపంచంలో ఏటా నాలుగున్నర లక్షల కోట్ల సిగరెట్టు పీకలు నేల మీద పడుతున్నాయని అంచనా. మా కాలేజీ బయట కాలువ గట్టున వాన పడ్డాక చూడండి, పీకలన్నీ కొట్టుకొచ్చి ఒక మూల గుంపుగా ఆగుతాయి. అవి పట్టుకున్న కాస్త విషాన్ని కూడా ఆ నీళ్లలోకి వదిలేస్తాయి. తాగి పారేసిన ఒక్క పీకను లీటరు నీళ్లలో నానబెడితే ఆ నీళ్లలో సగం చేపలు చచ్చిపోయాయని 2011లో శాన్ డియాగో పరిశోధకులు చూపించారు. యూరప్‌లో ప్యాకెట్ మీదే ఫిల్టరులో ప్లాస్టిక్ ఉందని రాయాలి. ఇక్కడ కనీసం ఆ మాటైనా రాయించండి, ఏరి పారేసే ఖర్చు మున్సిపాలిటీ మీద కాకుండా తయారుచేసిన వాళ్ల మీద వేయించండి.

నేను పొగాకు రైతు మీద రాయడం లేదు. పొగాకు బోర్డు మా గుంటూరులోనే ఉంది, ప్రకాశం జిల్లాలో బ్యారన్ల (పొగాకు ఆకు ఆరబెట్టే కొట్టాల) మీద బతికే కుటుంబాల పిల్లలు నా క్లాసులో ఉన్నారు, వేలంలో రేటు పడిపోతే ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ ఉంటుందో చూశాను. ఆ రైతులకు వేరే పంట దారి చూపించడం ఇంకో పెద్ద పని, దానికి ఇంకో లేఖ కావాలి. ఫిల్టరు మీద అబద్ధం చెప్పడం మానేస్తే రైతుకు పోయేదేం లేదు.

కాబట్టి నేను అడిగేవి చిన్నవే. ఫిల్టరు కాగితానికి గాలి బెజ్జాలు పెట్టడం, లోపల వాసన గోళీలు పెట్టడం ఆపండి. తేలిక, మెత్తన అనిపించేలా పేర్లూ రంగులూ వాడకుండా చూడండి. ప్రతి సిగరెట్టు మీద, ఫిల్టరు చుట్టూ, ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ భాషలో ఒక్క వాక్యం వేయించండి. తెలుగులో ఏం రాయాలో కూడా చెప్తాను: "ఫిల్టరు విషవాయువులను ఆపదు." దాని కింద ఇప్పటికే ప్యాకెట్ల మీద ఉన్న మీ నంబరు, 1800-11-2356. అది ఉచితం, మానేయాలనుకునే వాళ్లకు అక్కడ మాట్లాడే మనుషులు ఉన్నారు. లూజు సిగరెట్టు కొనే కుర్రాడికి ఆ నంబరు ఇవాళ్టిదాకా కనబడనే లేదు.

ఈ జూన్‌లో మళ్లీ కొత్త బ్యాచ్ వస్తుంది. మీ శాఖ నుంచి జవాబు వస్తే, అవునన్నా కాదన్నా, క్లాసులో చదివి వినిపిస్తాను.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక కెమిస్ట్రీ లెక్చరర్